పై అంతస్తులో మడమల చప్పుడు

మా పై ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్లు పొద్దున్నే అల్లం దంచుతారు. టీ కోసమే అయివుంటుంది. చిన్న రాతి కల్వాన్ని నేల మీదే పెట్టి దంచుతారో ఏమో, ఆ చప్పుడు మా వంటింటి కప్పులోంచి నేరుగా నా నడినెత్తిన దిగుతుంది. దబ్, దబ్, దబ్. కిటికీ బయట, ఢిల్లీలో మేముండే ద్వారక మొత్తం పొగలో మునిగి, ఎదుటి టవరు కూడా ఆనవాలు తెలియకుండా ఉంటుంది. చేతిలో పాలగిన్నె ఉన్నా సరే, ఒక్క క్షణం అలాగే నిలబడిపోతాను. అది అల్లమేనని బుర్రకు తెలుసు. కాళ్లకే తెలియదు. మడమలు వాటంతట అవే నేల వదిలి పైకి లేస్తాయి. ఇక ఆ రోజంతా ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కాదు. ఈ కూర్చోలేని జబ్బును నాకు అంటించిన మనిషి ఆ ఇంట్లోనే ఉండేది. పేరు సుగుణ. ఊరు జగిత్యాల వైపు. పెళ్లయి ఢిల్లీ వచ్చి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టెనోగా చేరి, అక్కడే రిటైరైంది. భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది.

మేము ఈ అపార్టుమెంట్ల సొసైటీకి వచ్చిన కొత్తలో ఆవిడంటే నాకు ఒళ్లుమంట. మనిషిని చూడకముందే. మా ఆయనకు గురుగ్రామ్ బదిలీ అయింది, నేను ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసేదాన్ని. సరిగ్గా నా పొద్దుటి మీటింగు మొదలయ్యే వేళకి పైన దబ్ దబ్ మని మొదలయ్యేది. పెద్ద చప్పుడైతే ఏ గోడో కొడుతున్నారని సరిపెట్టుకోవచ్చు. ఇది మెత్తగా, ఒకే తీరుగా, ఆగినట్టే ఆగి మళ్లీ వచ్చేది. ఇప్పుడు ఆగుతుందా, ఇంకొకటి ఉందా అని ఎదురుచూడటంతోనే నా ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు మీటింగులో మా మేనేజరు అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పి నవ్వులపాలయ్యాను. ల్యాప్‌టాప్ మూసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి బెల్లు కొట్టాను.

తలుపు తీసినావిడ చిన్న మనిషి. నేత చీర, కాళ్లకు మగపిల్లలు వేసుకునే ఆటల బూట్లు. వీపు పైభాగం కాస్త ముందుకు ఒంగి ఉంది, కళ్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. మెట్ల మీద కూడబలుక్కున్న హిందీ అంతా ఆ కళ్లను చూడగానే చెల్లాచెదురైంది.

"ఆంటీజీ, వో... ఆప్ కే ఘర్ సే... ఆవాజ్..."

"గా హిందీతోని గంత తిప్పలెందుకమ్మా? తెలుగుల తిట్టు, నాకు మంచిగ సమజైతది."

"మీరు తెలుగువాళ్లని తెలీదండీ."

"నువ్వు తెలుగని నాకెర్కనే. పొద్దుమీకి మీ అమ్మతోని ఫోన్ల మాట్లాడ్తవ్ కదా, బాత్రూం డక్టుల నుంచి అన్ని ఇనబడ్తయ్. మీ ఆడబిడ్డ ముచ్చట సుత."

నా ఫిర్యాదు అక్కడితో సగం చచ్చిపోయింది. మిగతా సగం చెప్పనివ్వకుండా ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. గట్టు అంచు రెండు చేతులతో పట్టుకుని, మునివేళ్ల మీద లేచి, మడమలు నేలకు దింపింది. దబ్. ఏ చప్పుడు గురించి నేను పోట్లాడడానికి వచ్చానో దాన్ని దగ్గరుండి చూపించి, "ఎముకలను నిద్రలేపుతున్న" అంది. వయసు మళ్లిన మనిషి, కాస్త తేడా ఏమో అనుకున్నాను. అది ఆవిడకు నా మొహంలో కనిపించినట్టుంది. "ఎముకంటే ఏమనుకున్నవ్, గోడకు కొట్టిన మేకా? దినాం లోపల కొంత కూలుతది, కొంత కడ్తది. మనం కదులుతే, మీద బరువు పడ్తే, నాతోని ఇంక పనున్నది అని దానికి ఎర్కైతది. కూసుండి కూసుండి ఉంటే కట్టుడు బందు పెడ్తది. కూలుడు మాత్రం బందు పెట్టదు." తనకు తోచినట్టు దూకడం కాదని, ఫిజియోథెరపీ అమ్మాయి తన వెన్ను చూసి, ఇంతే చెయ్యాలి, ఇలాగే చెయ్యాలి అని చెప్పిందని కూడా అంది. వెళ్తుంటే "ఆంటీ అనకు, ఢిల్లీల ప్రతి ఒక్కరు ఆంటీలే. అక్కా అను" అని నువ్వుల ఉండ ఒకటి చేతిలో పెట్టింది. పోట్లాటకు వెళ్లి ఉండ నములుతూ దిగొచ్చిన నన్ను చూసి మా ఆయన చాలా రోజులు ఆటపట్టించాడు.

ఆవిడ కథ నాకు ముక్కలుగా తెలిసింది. ఎందుకంటే సుగుణక్క ఒకచోట నిలబడి ఏదీ పూర్తిగా చెప్పదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే మాట్లాడుతుంది, వెనకాల నడుస్తూ వినాలి. యాభై దాటాక ఒక దీపావళికి ఇల్లు దులుపుతూ తడి నేల మీద జారిందట. ఊరికే చెయ్యి ఆనించిందట, అంతే, మణికట్టు విరిగింది. "సిమెంటు కట్టు కట్టిన్రు. ఇప్పిన్రు. దండం పెట్టి ఇంటికొచ్చిన. నిలబడ్డ మనిషి ఊకె జారి పడ్తే ఎముక ఎందుకిరగాలె అని డాక్టరు అడగలే, మా ఆయన అడగలే, నేను సుత అడగలే" అని, ఏనాడో జరిగినదానికి అప్పుడే జరిగినట్టు కోపం తెచ్చుకునేది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆఫీసు నుంచి వస్తూ బస్సులో వెనక సీట్లో కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరింది, ఆవిడా ఎగిరి సీట్లో కూలబడింది. నడుములో ఏదో చిటుక్కుమంది. నెలల తరబడి బామ్ రాసుకుంది, వేడినీళ్ల సంచీ పెట్టుకుంది, గ్యాస్ అనుకుంది, చివరికి వయసు అనుకుని ఊరుకుంది. వంటింట్లో చింతపండు డబ్బా పై అరలోంచి కింది అరలోకి వచ్చింది. దాని వెనకే పప్పుల డబ్బాలన్నీ దిగాయి. ఎందుకు దింపుతోందో ఆవిడకే తెలియదు. ఊరినుంచి వచ్చిన చెల్లెలు గుమ్మంలోనే నిలబడి "ఏందక్కా, పొట్టిగైనవ్?" అన్నదాకా ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

ఎక్స్‌రేలో వెన్నుపూస ఒకటి తొక్కిన అగ్గిపెట్టెలా నలిగి ఉంది. ఆ తర్వాత ఎముకల సాంద్రత చూసే స్కాన్ తీశారు. నొప్పిలేని పరీక్ష, పడుకుని లేచేంత సేపు. ఎముకలు గుల్లబారాయని, దాన్నే ఆస్టియోపొరోసిస్ అంటారని, మణికట్టు విరిగినప్పుడే చూసుకుని ఉంటే వెన్ను దాకా వచ్చేది కాదేమోనని డాక్టరు చెప్పాడట. ఆ 'ఏమో' ఆవిడను జీవితాంతం కూర్చోనివ్వలేదు. నాకు ఆ కథ చెప్పినరోజే నేను కిందికొచ్చి తెనాలిలో మా అమ్మకు ఫోన్ చేశాను. ఎలా ఉన్నావనైనా అడగకుండా, "చింతపండు ఏ అరలో పెట్టావే?" అన్నాను.

"కింది అరలోనే పెట్టానమ్మా. ఈమధ్య పైది అందట్లేదు. ఏం, ఎందుకే?"

ఆ నెలలోనే వెళ్లి, బతిమాలి, బెదిరించి, గుంటూరు తీసుకెళ్లి స్కాన్ చేయించాను. అమ్మకూ అదే. ఇప్పుడు మందులు వాడుతోంది, ఇంకెక్కడా విరగలేదు. ఒక్క డబ్బా సంగతి వినకపోయి ఉంటే అని ఇప్పటికీ ఒక్కోసారి పనిచేస్తూ చేస్తూ ఆగిపోతుంటాను.

మా వాళ్లకు ఒక అలవాటుంది. ఎవరికైనా కాలో చెయ్యో విరిగిందంటే బ్రెడ్డు, పళ్లు పట్టుకుని చూడటానికి వెళ్తారు. కాళ్ల సూపు తాగించమని సలహా ఇస్తారు, ఎవరికి ఎక్కడ ఎలా విరిగిందో కథలు చెప్పుకుంటారు, కాఫీ తాగి వచ్చేస్తారు. సుగుణక్క కూడా వెళ్లేది, నువ్వుల ఉండలు పట్టుకుని. కానీ కూర్చోకముందే ఒక ప్రశ్న వేసేది. "కట్టు ఇప్పినంక ఎముకల పరీక్ష ఎప్పుడు చేయించుకుంటవ్?" అసలే నొప్పితో ఉన్న ఇంట్లో, ఇదొకటే కాదు, ఇంకోటీ విరగొచ్చు అన్నట్టు వినిపించే మాట. శుభమా అని కట్టు విప్పబోతుంటే ఇదేం మాటని మొహం చిట్లించేవాళ్లు. పిల్లలు ఆవిడకు 'హడ్డీవాలీ ఆంటీ', అంటే ఎముకల ఆంటీ అని పేరు పెట్టారు. ఆవిడ లిఫ్టులోకి రాగానే కొందరికి ఉన్నట్టుండి ఫోన్లు వచ్చేవి. ఆవిడకు అవేవీ పట్టేవి కావు. "సూపు తాగుమను, ఎవలొద్దన్నరు? తాగి పరీక్షకు పొమ్మను" అనేది. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది, ఆవిడ పక్కన నడవాలంటే.

మూర్తిగారి ఇంటికి వెళ్లిన రోజు బాగా గుర్తు. కాకినాడ ఆయన, పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ప్రతి చలికాలం ఈ ఊరి పొగకు ఆయాసం ముదిరి ఏళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నారు. ఆయన భార్యకు మోచెయ్యి విరిగితే చూడటానికి వెళ్లాం. సుగుణక్క ఆవిడను వదిలేసి ఆయన బల్ల మీది మాత్రల వైపు చూసింది. మీరు కూడా పరీక్ష చేయించుకోవాలి సార్ అంది.

"ఇదంతా ఆడవాళ్ల గోలండీ. నాకెందుకు?" అన్నారాయన పేపరు తిప్పుతూ.

"మీరు మింగే గోలీలకు మీరు మొగోల్లని తెల్వది సార్."

గదిలో అందరం నోళ్లు నొక్కుకున్నాం. ఆయన మొహం ఎర్రబడింది. సుగుణక్క తగ్గలేదు. "గోలీలు బందు చెయ్యమంటలే, జర్ర సుత తగ్గియ్యొద్దు. గవి ఏండ్ల పొంటి మింగుతే ఎముకలు పల్చగైతయ్. ఇన్నేండ్ల సంది మింగుతున్న, నా ఎముకల సంగతేందని మీ డాక్టరును అడుగుండ్రి, గంతే." ఆ రోజు మమ్మల్ని గుమ్మం దాకా కూడా సాగనంపలేదు ఆయన. తర్వాత పరీక్షకైతే వెళ్లారు. ఏం తేలిందో మాతో అనలేదు. కానీ పార్కులో బెంచీ మీద కూర్చుని పేపరు చదివే మనిషి ఆ వారం నుంచి పార్కు చుట్టూ నడవడం మొదలుపెట్టారు. సుగుణక్క ఎదురైతే తల అటు తిప్పుకునేవారు. "తిప్పుకోనియ్యి. నడుస్తుండు కదా" అనేది ఆవిడ.

నన్నూ వదల్లేదు. ఢిల్లీలో బాల్కనీ అంటే దుమ్మూ పొగా రాకుండా అద్దాలు బిగించుకున్న ఇంకో గది. చలికాలం ఎండ ఆ అద్దాల మీద పడగానే అక్కడ కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చునేదాన్ని. తెనాలిలో ఎండంటే పారిపోయిన దాన్ని, ఇక్కడ ఎండ కాచుకుంటున్నానని నాకెంతో గొప్ప. ఒకరోజు ఆవిడ వచ్చినప్పుడు, చూశారా అక్కా, ఎముకలకు ఎండ పట్టిస్తున్నాను అన్నాను. ఆవిడ నేరుగా వచ్చి అద్దం బార్లా తెరిచింది. చల్లగాలి మొహాన కొట్టింది, బఠాణీ తొక్కలు ఇల్లంతా ఎగిరాయి. "అద్దంల నుంచి వెచ్చదనం ఒక్కటే వస్తది బిడ్డా. ఎముకకు పనికొచ్చేది అద్దం అవతలనే ఆగుతది. ఇన్ని చలికాలాలు ఊకెనే కూసున్నవ్." నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అప్పటినుంచి మధ్యాహ్నం మేడ మీదికి వెళ్లడం మొదలుపెట్టాం. ఇంకో నలుగురు తెలుగువాళ్లూ వచ్చేవారు, నల్లబడతామని తలకు చున్నీలు, చేతులకు తొడుగులు వేసుకుని. "మీకంటె నా తులసి చెట్టు నయం" అని తిట్టి ఆ తొడుగులు ఊడదీయించేది. వాళ్లలో ఒకామె, ఎండ గోలెందుకు, నేను డి విటమిన్ పొట్లాలు రోజూ వేసుకుంటున్నానంది. వారానికొకటి వెయ్యమన్నదాన్ని రోజూ మింగుతోంది. సుగుణక్క మొహం చూడాలి అప్పుడు. ఆమెను మేడ మీంచి నేరుగా డాక్టరు దగ్గరకే నడిపించుకుపోయింది.

ఇంత ధైర్యంగా తిరిగే మనిషికి ఒక భయం ఉండేది. అది చాలా రోజులకు గానీ నాకు చెప్పలేదు. మణికట్టు అయింది, వెన్ను అయింది, ఇక తుంటి విరిగితే? కొడుకు కిరణ్ పుణెలో ఉద్యోగం చేస్తాడు. ఢిల్లీలో పుట్టి పెరిగినవాడు. తల్లి తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిస్తాడు. మంచివాడే. ఆ మంచితనమే ఆవిడ భయం. "మమ్మీ, తూ బస్ బైఠ్, అంటడు. నన్ను తీస్కపోయి కుర్చీల కూసోబెట్టి, నీళ్లు సుత చేతికి ఇస్తడు. కూసుంటే నేను అయిపోత. నా ఇంట్ల నేను, నా కాళ్ల మీద ఉండాలె. గింతే అడుగుతున్న" అంది. ఆ రోజు మాత్రం కదలకుండా నిలబడి చెప్పింది. తర్వాత కొంగుముడిలోంచి ఒక తాళంచెవి తీసి నాకిచ్చింది. "పొద్దుగాల చప్పుడు రాకపోతే పైకి రా."

అప్పటినుంచి ఏ చప్పుడుతో పోట్లాడానో దాని కోసమే చెవులు రిక్కించి కూర్చోవడం మొదలైంది. దబ్ మనగానే నా భుజాలు దిగేవి, టీ గొంతు దిగేది. కాస్త ఆలస్యమైతే చాలు, పాలు పొంగుతున్నా చూసుకోకుండా కప్పు వైపే చూసేదాన్ని. ఊరెళ్లినప్పుడు కూడా ఆ వేళకు మెలకువ వచ్చి ఎందుకో తోచేది కాదు. ఒక మనిషి మీద ఇంత బెంగ పెట్టుకోవడం నాకు నచ్చేది కాదు, అయినా మానలేకపోయాను.

ఒక డిసెంబరు పొద్దున చప్పుడు రాలేదు. కాసేపు చూశాను. ఫోన్ చేస్తే పైన మోగుతోంది, కప్పులోంచి వినబడుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. తాళంచెవి దొరకబుచ్చుకుని మెట్లెక్కాను. మొదట తాళంచెవి తలకిందులుగా పెట్టాను, తీసి మళ్లీ తిప్పాను. వంటింట్లో నేల మీద పడి ఉంది. ఒక కాలు పక్కకు తిరిగిపోయింది. పక్కన ప్లాస్టిక్ స్టూలు బోర్లా పడి ఉంది, దానికి అవతల ఇత్తడి గిన్నె, నేలంతా నువ్వులు. ఆ గిన్నె పై అరలో ఉండేది, చలికాలం ఉండలు చుట్టడానికే తీసేది. స్పృహలోనే ఉంది. నన్ను చూసి మొట్టమొదట అన్న మాట, "స్టూలెక్కిన అని ఎవలకు చెప్పకు."

"అక్కా!" అన్నాను. పక్కన నువ్వుల్లోనే కూర్చుని అంబులెన్సుకు ఫోన్ చేశాను.

"అందర్ని దిగుమని చెప్పి నేనే ఎక్కిన. గా మూర్తిసారుకు ఉండలు చేద్దామని. గాయన ఇంటే నవ్వుతడు."

మూర్తిగారు నవ్వలేదు. అంబులెన్సు వచ్చేదాకా ఆయాసపడుతూ మెట్ల మీద నిలబడి, దారిలో ఎవరూ అడ్డం రాకుండా చూసింది ఆయనే.

తుంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడే నిలబెట్టాలని డాక్టరు చెప్పాడు. అది మాకు కొత్త సంగతేం కాదు, ఏళ్లుగా సుగుణక్క మా చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పిందే. తుంటి విరిగినవాళ్లు మంచం దిగకపోతే ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, వీపు పుండు పడుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది, తర్వాత లేద్దామన్నా లేవలేరు. "ఎముక కాదు, మంచం తింటది మనిషిని" అనేది. కానీ ఆ రోజు గదిలో చుట్టూ చేరినవాళ్లందరి మాట ఒకటే. పాపం, పడుకోనివ్వండి. కిరణ్ రాత్రి విమానానికే వచ్చాడు, కళ్లు వాచి ఉన్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ పట్టుకుని వస్తే అడ్డం నిలబడ్డాడు. "రహ్నే దీజియే. మమ్మీ కో దర్ద్ హో రహా హై. కల్ దేఖేంగే." నొప్పిగా ఉంది, రేపు చూద్దాం అని. నేను సుగుణక్క వైపు చూశాను, వాణ్ని ఒక్క మాటతో పక్కకు జరుపుతుందని. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది.

"నాతోని కాదు. మల్ల పడ్త. నన్ను పండుకోనియ్యుండ్రి."

ఇంటింటికీ తిరిగి లేవండి, నడవండి అని మనుషుల ప్రాణాలు తోడేసిన మనిషి. ఆ గొంతు ఎంత చిన్నదైపోయిందో వింటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది, దాంతోపాటే విపరీతమైన కోపం. ఆవిడ మీదా, ఆ మంచం మీదా, చుట్టూ ఉన్న జాలి మీదా. ఇవాళ పడుకుంటే రేపు కూడా నొప్పే ఉంటుంది. ఎల్లుండి పుణెలో కుర్చీ సిద్ధంగా ఉంటుంది. ఆవిడ జీవితమంతా భయపడింది దానికే కదా. ఆవిడకు తెలియనిది నేనేం చెప్పగలను? మంచం పక్కన ఇనుప కడ్డీ పట్టుకున్నాను. మునివేళ్ల మీద లేచి మడమలు నేలకు వదిలాను. దబ్. మళ్లీ లేచాను. దబ్. కిరణ్ నాకేదో అయిందన్నట్టు చూశాడు. నర్సు తలుపు దగ్గర ఆగిపోయింది. నాకు సిగ్గనిపించలేదు. చప్పుడు గట్టిగా రావాలని చెప్పులు కూడా విప్పేశాను. చాలాసేపటికి గోడ వైపు నుంచి మాట వచ్చింది.

"జర్ర మెల్లగ. కింది ఇంటోల్లు లొల్లి పెడ్తరు."

"పెట్టనివ్వండక్కా. హిందీలోనే కదా తిట్టేది."

ముందు నవ్వింది, తర్వాత భోరుమంది. ఆ తర్వాత చెయ్యి చాచింది. నేనొక వైపు, ఆ అమ్మాయి ఒక వైపు, ఎదురుగా కిరణ్. నొప్పికి పళ్లు బిగించి, అందరినీ పేరుపేరునా తిడుతూ, సుగుణక్క నిలబడింది. సాయంత్రం డాక్టరు వస్తే వాకర్ మీదే నిలబడి, "తుంటి బాగు చేసిన్రు, సంతోషం. ఎముకల సంగతేంది? ఇన్నేండ్లు వాడిన మందు సరిపోతలేదా, మార్చాలెనా?" అని అడిగింది. ఆయన చేతిలోని ఫైలు మూసి, కుర్చీ లాక్కుని కూర్చుని జవాబు చెప్పాడు. మందు మారింది. కిరణ్ ఆ సంభాషణంతా తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఇంటికి తీసుకొచ్చాక పుణె మాట ఎత్తలేదు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు బిగించి, కాళ్లు తుడుచుకునే జారుడు పట్టాలన్నీ ఏరి పారేసి, ఆ ప్లాస్టిక్ స్టూలును తనే తీసుకెళ్లి చెత్తలో వేసి వెళ్లాడు.

ఆ తర్వాత మడమల చప్పుడు రాలేదు, ఇక వద్దన్నారు. దాని బదులు వాకర్ చప్పుడు, కొన్నాళ్లకు చేతికర్ర చప్పుడు. నాకు రెండూ చాలు. అలా రెండు చలికాలాలు గడిచాక పొగ పడక తనంతట తనే పుణె వెళ్లింది, నడుచుకుంటూ. పోయిన ఏడాది వానల్లో అక్కడే జ్వరం వచ్చి పోయింది. కిరణ్ ఫోన్ చేసి, "మమ్మీ ఆఖ్రీ దిన్ తక్ ఖుద్ చల్ రహీ థీ" అన్నాడు. చివరి రోజు దాకా తన కాళ్ల మీదే నడిచిందని. తర్వాత వచ్చీరాని తెలుగులో "కింది అక్కకు చెప్పు, అన్నది మమ్మీ" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆ రోజంతా ఇల్లు కలయదిరిగాను. కూర్చుని ఏడవడం చేతకాలేదు.

నెలసరి ఆగిపోగానే నేనూ స్కాన్ చేయించుకున్నాను. గుల్లబారలేదు గానీ పల్చబడటం మొదలైందన్నారు. మా అమ్మ కూతుర్ని కదా. డాక్టరు నాకు బరువులతో వ్యాయామం, తిండిలో మార్పులు చెప్పాడు. మడమల సంగతి నేనే అడిగాను, మీరు చెయ్యొచ్చు అన్నాడు. రోజూ పొద్దున మీటింగుకు ముందు వంటింటి గట్టు పట్టుకుని చేస్తాను. కింది ఇంట్లో నేహా అని ఒక ఉద్యోగం చేసుకునే అమ్మాయి ఉంటుంది. సొసైటీ గ్రూపులో రెండుసార్లు ఫిర్యాదు పెట్టింది, ఒకసారి పైకొచ్చి పోట్లాడింది. నేను వంటింట్లోకి తీసుకెళ్లి చూపించాను. నమ్మినట్టు కనిపించలేదు. నువ్వుల ఉండ తీసుకుంది.

మొన్న నాకు జ్వరం. మా ఆయన ఊళ్లో లేడు, మా అమ్మాయి గ్రేటర్ నోయిడాలో కాలేజీ హాస్టల్లో ఉంది. దుప్పటి కప్పుకుని పడుకున్నాను, పైన అల్లం చప్పుడు వచ్చింది, మడమలు లేవలేదు. కాసేపటికి బెల్లు మోగింది. గోడలు పట్టుకుని వెళ్లి తీశాను. నేహా, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని.

"ఆంటీ, ఆజ్ ఆవాజ్ నహీ ఆయీ. ఆప్ ఠీక్ హో?"

ఇవాళ చప్పుడు రాలేదేమని. జ్వరమే, ఇంకేం లేదని చెప్పాను. మేకుకు వేలాడే తాళాల గుత్తి తీశాను. అందులో సుగుణక్క ఇచ్చిన తాళంచెవి ఇంకా ఉంది. కొత్తవాళ్లు తాళం మార్చేశారు, అది ఏ తలుపూ తీయదు, అయినా దాన్ని అలాగే ఉంచాను. దాని పక్కనున్న మా ఇంటి తాళంచెవిని ఊడదీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.